గేదె చదివిన వ్యాసం

దేవుడు తెలివి పంచుతుంటే పైడయ్య ఇంటివాళ్ళు గంప పట్టుకెళ్ళారట. ఈ మాట చెప్పింది పైడయ్యే. భార్య సూరమ్మ ఔనౌనంది. బావమరిది లోవరాజైతే, "గంప మోసింది నేనే బావా!" అన్నాడు.

ఒకనాడు లైబ్రరీ మాస్టారు లోవరాజుకి పాత పేపర్లూ, వారపత్రికలూ ఓ కట్ట ఇచ్చాడు. "బొమ్మలు చూసి పారెయ్యకండి. వీటిలో అన్నిటి మీదా మంచి వ్యాసాలుంటాయి. వెతికి, ఎవరికి పనికొచ్చేది వాళ్ళు చదవండి" అన్నాడు.

అంతే, ముగ్గురూ పంపకాలకి కూర్చున్నారు. తేనెటీగల మీద వ్యాసం పైడయ్య స్వయంగా తీసుకెళ్ళి తేనెపట్టుకి చూపించాడు. మూతి బూరెలా పొంగింది. బావుల పూడికతీత వ్యాసాన్ని సూరమ్మ బావిలో వేసేసి, "ఇక సదవడం దాని ఇష్టం" అంది.

ఇంతలో గేదెకి కడుపుబ్బరం పట్టుకుంది. మేత ముట్టదు, కదలదు. పైడయ్యకి ప్రాణం పోయినంత పనయింది. ఆ ఇంటికి ఉన్నదల్లా ఆ ఒక్క గేదే మరి!

"దొరికింది బావా! పశువుల కడుపుబ్బరం మీద వ్యాసం!" అని లోవరాజు అరిచాడు.

"సదువు, సదువు!" అంది సూరమ్మ.

"మనం సదివితే ఏటి లాభం? ఉబ్బింది మన కడుపేటి?" అని పైడయ్య కసిరాడు.

ఇంకేముంది, వ్యాసం గేదె మొహం ముందు పెట్టారు. అది తల తిప్పుకుంది. చత్వారమేమోనని కళ్ళజోడు పెట్టారు. విదిలించి కొట్టింది.

"అక్షరాలు రావు పాపం! మాస్టారి దగ్గరికి తోలుకెళ్దాం" అన్నాడు పైడయ్య.

మైలు దూరం. ముందు పైడయ్య ఏడుస్తూ పలుపు లాగాడు. వెనక నుంచి లోవరాజు తోస్తూ అఆలు చెప్పాడు. అంత నడిచేసరికి గేదె కడుపులో గాలి కదిలింది. లైబ్రరీ మెట్ల దగ్గర ఊరు అదిరేలా త్రేన్చి, ముందుకొచ్చిన లోవరాజు చేతిలోని వ్యాసం లాక్కుని నమిలేసింది.

మాస్టారు బయటికొచ్చి, "నడిపించి మంచి పని చేశారు. వ్యాసంలో ఉన్నదీ అదే" అన్నాడు.

"సూశారా! సదవగానే తగ్గిపోయింది!" అంటూ పైడయ్య గేదె మెడ వాటేసుకుని ఆనందంతో వలవలా ఏడ్చాడు.

అంత తెలివైన గేదెకి ఒక్క వ్యాసం ఏం సరిపోతుంది? ఆ సాయంత్రం ఆటలు, వాతావరణం, రాజకీయాలు అన్నీ చింపి కుడితిలో కలిపారు. మర్నాడు పొయ్యి మీద పాలు కాస్తా విరిగిపోయాయి.

"రాజకీయాలు ఎక్కువేశావే సూరీ! ఈ పూట వంటల పేజీ ఒక్కటే పెట్టు. ఏకంగా పాయసమే పితుక్కుందాం" అన్నాడు పైడయ్య.

అంతే. మరుసటి రోజు పొద్దున్నే సూరమ్మ చెంబు పక్కనపెట్టి, అడుగున జీడిపప్పు పరిచిన గిన్నెతో గేదె కింద కూర్చుంది.