అప్పుకు తోడెళ్లే ఆదెమ్మ

ఆశ్వయుజ బహుళ దశమి, బుధవారం. తెల్లవారుజాము నుంచి ముసురు, మధ్యాహ్నానికి తూర్పుగాలి. తిథి, వారం, వాన అందరూ చెబుతారు. ఏడాది మాత్రం ఎవరూ చెప్పరు. మా తాతకు వాళ్ల తాత చెప్పేనాటికే అది పాత కథ.

అప్పుడెప్పుడో కొండ కింద, బుధవారం సంత జరిగే ఊళ్లో ఆదెమ్మ ఉండేది. వెదురు బుట్టలల్లేది. ఆనాటి బుట్టలు ఇప్పటివి కావు, పేడతో అలికి చోళ్లు పోస్తే ఒక్క గింజ కారేది కాదు. సరే, ఆ సంగతి పక్కన పెడదాం.

సంతలో ముగ్గురు వడ్డీవ్యాపారులు కూర్చునేవారు. పాత బాకీ ఎగ్గొట్టి మాట పోగొట్టుకున్నవాళ్లకు ఈ ముగ్గురే అప్పిస్తారు, నడ్డి విరిచే వడ్డీకి. అలాంటివాళ్లు ఆదెమ్మను తోడు తీసుకెళ్లేవారు. ఆమె ముగ్గురి దగ్గరా మూడే మాటలు అడిగేది.

"చేతికెంత ఇస్తావు? మొత్తం ఎంత కట్టించుకుంటావు? కట్టలేకపోతే ఏం పట్టుకుపోతావు? ఆ పట్టుకుపోయేదాన్ని ముట్టుకుని చెప్పు."

ఒకడు పది రాసుకుని ఏడు చేతిలో పెట్టేవాడు. ఒకడు ఎద్దు కొమ్ము ముట్టుకునేవాడు.

"అప్పుకొచ్చావా, పెళ్లిచూపులకొచ్చావా?" అని వెక్కిరించేవారు.

"పెళ్లిచూపులే బాబూ. రేపు ఈ ఎద్దు నీ ఇంటికి కాపురానికొస్తే దాని గతేంటో చూసుకోవద్దా?"

సంతంతా నవ్వేది. ముగ్గురిలో ఎవరు నయమో తేల్చి, వచ్చినవాడితో "ఇతని దగ్గర తీసుకో" అనేది. ఒక్కోసారి "ఇంటికి పద, పస్తుండు" అనేది.

ఆ బుధవారం ఆమె తమ్ముడు గున్నయ్యకు జ్వరం, ఒళ్లు తెలియట్లేదు. ముందు ఇరవై రూపాయలిస్తేగానీ పొరుగూరి వైద్యుడు బండెక్కనన్నాడు. ఆదెమ్మ ఒక్కతే వానలో సంతకు వెళ్లింది.

మొదటివాడు ఆమె నడుమునున్న వెదురు చీల్చే కత్తి ముట్టుకున్నాడు. కత్తి పోతే కూడెక్కడిది? రెండోవాడు గుడిసె దాకా వచ్చి నిట్రాడు ముట్టుకుంటానన్నాడు. గుడిసె పోతే జ్వరం మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలి? మూడోవాడు కూర్మయ్య నవ్వాడు.

"నీ దగ్గరేముందే పిచ్చిదానా, ముట్టుకోడానికి? ముందు తమ్ముణ్ణి బతికించుకో."

మూడో మాట మళ్లీ అడగాలి. ఇంకెవరి కోసమైనా అడిగేదే. తన కోసం నోరు రాలేదు. డబ్బు కొంగున కట్టుకుని పరుగెత్తింది.

తమ్ముడు బతికాడు. అప్పు తీరలేదు. మాఘంలో కూర్మయ్య కబురంపాడు.

"వడ్డీ కింద మా పెరట్లో కూర్చుని అల్లు."

"ఎన్నాళ్లు బాబూ?"

"అసలు తీరిందాకా."

రోజంతా అక్కడే అల్లితే అసలు కట్టడానికి డబ్బెక్కడిది? ఏడాది అల్లింది. ఐదేళ్లు అల్లింది. పదకొండేళ్లు అల్లింది. ఆమె ఒకనాడు తోడెళ్లినవాళ్లంతా ఆ పెరటి పక్కనుంచే సంతకు వెళ్లేవారు, పలకరించేవారు. లోపలికెళ్లి ఆమె తరఫున కూర్మయ్యను అడిగినవాడు ఒక్కడూ లేడు. పన్నెండో ఏట, సగం అల్లిన తట్ట మీదే వాలిపోయింది. పాడెకు వెదురు కూడా ఆ పెరట్లోంచే అరువు తెచ్చారు.

అప్పటికి సిగ్గేసింది జనానికి. నేటికీ అక్కడ ఎవరూ అప్పుకు ఒంటరిగా వెళ్లరు. గడప దాటబోతుంటే ఇంట్లోవాళ్లు "ఆదెమ్మ ఎవరు?" అంటారు. తోడెళ్లే మనిషి, మగైనా ఆడైనా, "నేనే" అనాలి.

ఆమె గుడిసె గున్నయ్యకు వచ్చింది, బాకీతో సహా. కత్తి కూర్మయ్య తీసుకున్నాడు. సగం తట్టకు అంచు కట్టించి ఆయన కొడుకు అమ్ముకున్నాడు. ఆదెమ్మ మాటతో ఎడ్లు దక్కించుకున్నవాళ్లకు ఏమీ రాలేదు. వాళ్లు అడగనూ లేదు.