గూడ ఒకరికి, తాళ్లు ఇంకొకరికి

“నేను బతికుండగా నీ మడి ఎండదు బావా!”

అనగా అనగా ఒక కాలువ గట్టున ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చిన మాట ఇది. ఇచ్చినవాడు గవరయ్య. పుచ్చుకున్నవాడు అతని అక్క మొగుడు సోములు.

కాలువ పల్లంలో ఉండేది, వాళ్ల మళ్లు మెరకన ఉండేవి. అందుకని ఇద్దరూ కలిసి గూడ వేసేవారు. గూడ అంటే తాళ్లు కట్టిన వెదురు బుట్ట, పిల్లలూ. ఇటొకరు, అటొకరు నిలబడి తాళ్లు పట్టి ఊపితే నీళ్లు పైకెక్కుతాయి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. రాజుకైనా సరే, రెండో మనిషి కావలసిందే.

వరి పొట్టకొచ్చిన రోజుల్లో ఒకనాడు గవరయ్య చేతిలో తాడు జారింది. బుట్ట వెళ్లి సోములు మోకాలికి తగిలింది.

“కళ్లు ఇంట్లో పెట్టొచ్చావురా?”

“నీ మోకాలే అడ్డొచ్చింది బావా!”

సోములు మూతి ముడుచుకుని ఇంటికి పోయాడు. ఇలాంటివి అంతకుముందు ఎన్నో జరిగాయి. పొద్దు వాలేసరికి ఒకే ముంతలో అంబలి తాగి మరిచిపోయేవారు.

ఆ రోజు అంబలి కంటే ముందు ఊరు వచ్చింది.

మొదట సోములు దగ్గరికి పొరుగింటి సూరమ్మ వచ్చింది. గోరంత గాయానికి మూరెడు కట్టు కట్టింది. “అది జారిన తాడు కాదయ్యా, వదిలిన తాడు. నువ్వు మంచివాడివి గనక నీకు తెలియడం లేదు,” అంది.

తర్వాత ఉప్పు వర్తకుడు వచ్చాడు. పసుపు ముద్ద పట్టుకుని బావ ఇంటికి బయల్దేరిన గవరయ్యను వీధిలో ఆపాడు. “ఇవాళ తల వంచితే రేపు నడుమే వంచాలి. ఆత్మాభిమానం లేనిదీ ఒక బతుకేనా?”

గవరయ్య వెనక్కి తిరిగాడు. చేతిలో పసుపు ఎండిపోయింది.

చివరికి ఊరి పెద్ద వచ్చాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, “సమన్యాయం!” అన్నాడు. “గూడ సోములుకు. తాళ్లు గవరయ్యకు. ఇకపై ఒకరి గట్టు ఒకరు తొక్కరాదు.”

ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో “బావా” అని ఒక గొంతు పిలిచింది. ఎవరికీ వినబడలేదు.

కాలువ నిండుగా పారుతూనే ఉంది. మొదటి వారం ఆకు చుట్టుకుంది. రెండో వారం మళ్లు నెర్రెలిచ్చాయి. మూడో వారం కంకులు తెల్లబడి తాలుగా మిగిలాయి.

అప్పుడు, తెల్లవారుతుండగా, సోములు గూడ భుజాన వేసుకుని గట్టుకొచ్చాడు. ఎదురుగా తాళ్లతో గవరయ్య.

ముడులు వేశారు. ఊపారు. నీళ్లు ఎక్కాయి. మడి తడిసింది. పైరు లేవలేదు.

“మాట తప్పాను బావా.”

“వాళ్లు తప్పించారురా. మనం తప్పాం.”

దూరాన నిలబడి ఆ ముగ్గురూ మురిసిపోయారు. “చూశారా, చివరికి కలిపేశాం!”

ఆ ఏడు రెండిళ్లలో గింజ లేదు. తీర్పు చెప్పినవాళ్ల ఇళ్లలో మాత్రం పొయ్యి ఆరలేదు. అందుకే వాళ్లకు తీర్పు అంత తేలిక.

పెద్దలారా! “వాళ్ల అంబలి వేళయింది, మనం వెళ్దాం పదండి” అని ఆ రోజు మీలో ఒక్కరైనా ఎందుకు అనలేదు?

ఇద్దరి తగవులోకి వెళ్లేవాడు కలిపే చెయ్యి వెయ్యాలి, లేదా దారి వదలాలి. నీతి ఇదే. మీ జవాబు మాత్రం మళ్లీ అరక కట్టే ఏరువాక పున్నమిలోగా కావాలి.