కోటమాంబ కుర్చీ

సంస్థానంలో కొత్త సభాభవనానికి కుర్చీలు కావలసి వచ్చాయి. కోటమాంబ తాను నమూనా గీసి చేయించిన నున్నటి పేము కుర్చీ తీసుకుని దివానుగారి దగ్గరికి వెళ్ళింది.

"సింహాల చెక్కడం లేకుండా ఇదేం కుర్చీ? అయినా ఆడవాళ్ళకెందుకమ్మా ఈ పని?" అన్నాడు దివాను, తన సింహాల కుర్చీలో వీపు సర్దుకుంటూ.

ఆయన కాదంటే ఆమె గీసినవి ఇంకెవరూ చూడరు. ఆ వీపు సర్దుకోవడం కోటమాంబ కనిపెట్టింది.

"నా మనవి పూర్తిగా విని కాదనండి" అని మొదలుపెట్టి, ఆపకుండా చెబుతూనే ఉంది. దివాను అటూ ఇటూ కదిలాడు, నడుము పట్టుకున్నాడు, లేచి పచార్లు చేశాడు. చివరికి వింటూ వింటూనే ఆమె కుర్చీలో చేరగిలబడ్డాడు.

కోటమాంబ చేతులు జోడించింది. "నా మనవి అయిపోయిందండీ. మళ్ళీ ఆ సింహాల కుర్చీలో కూర్చుని కాదనండి, వెళ్ళిపోతాను."

దివాను సింహాలవైపు చూశాడు. లేవలేదు.

"ఎప్పటికి చేయించగలవమ్మా?" అన్నాడు.