సైదమ్మ కేక

ఎవరేం అడిగినా సదాశివయ్యగారు తిన్నగా జవాబు చెప్పరు. ఒక రోజు శిష్యుడు పానకాలు దిగులుగా వచ్చి కూర్చున్నాడు. అతను పుట్టి పెరిగింది పాత మార్కెట్టు వీధిలో.

"గురువుగారూ, మిరపకాయల ఘాటుకు జనం తుమ్ముతూ నడిచిన వీధి అది. ఇప్పుడన్నీ అద్దాల తలుపులూ, కాఫీ దుకాణాలూనట. మేమెరిగిన వీధి ఇంకా ఉన్నట్టా, పోయినట్టా?"

గురువుగారు సైదమ్మ సంగతి ఎత్తుకున్నారు.

మార్కెట్టు ఊరి బయటికి తరలిపోయినప్పుడు అందరూ వెళ్లారు గానీ, నిమ్మకాయలమ్మే సైదమ్మ వెళ్లలేదు. ఆమె కూర్చునే అరుగు వెనకాలే తన్మయి అనే అమ్మాయి కాఫీ దుకాణం తెరిచింది. ఆ పిల్ల మంచిదే, అరుగు ఖాళీ చేయమనలేదు. "అవ్వా, కేకలు మాత్రం వెయ్యకు. లోపల జనం మాట్లాడుకుంటుంటారు," అంది. నలభై ఏళ్లు వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినబడ్డ గొంతు అది. సైదమ్మ నోరు మూసుకుంది. మూగదానిలా కూర్చుని అమ్ముతుంటే తన కాయలు తనకే పరాయివిగా తోచాయి.

ఒక ఆదివారం సాయంత్రం వీధి కిక్కిరిసి ఉంది. మూడేళ్ల పాప ఏడుస్తూ వచ్చి సైదమ్మ బుట్ట పట్టుకుంది. పేరడిగితే "చిన్ని" అంటుంది, అంతే. చుట్టూ చేరినవాళ్లు ఫోన్లు తీశారు, ఫొటోలు పంపారు. పాప ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. సైదమ్మ ఇక ఆగలేకపోయింది. పాపను చంకనేసుకుని లేచి నిలబడింది.

"ఎర్రగౌను పిల్లోయ్! నిమ్మకాయల అరుగు కాడుంది! ఎవరి బిడ్డోయ్, పరుగున రండి!"

దుకాణాల్లో పాటలు ఆగిపోయాయి. ఎదుటి మేడ మూడో అంతస్తు కిటికీలోంచి ఒక తల్లి తొంగిచూసి, చెప్పులైనా లేకుండా మెట్లు దిగి వచ్చింది. పాపను గుండెకు హత్తుకుని ఏడ్చింది, నవ్వింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

సైదమ్మ బెరుగ్గా తన్మయి వైపు తిరిగింది. "కేకేశానమ్మా, ఏమనుకోకు."

తన్మయి కళ్లు తుడుచుకుంటూ, "ఇంకోటి వెయ్యవ్వా, ఈసారి నిమ్మకాయలకి," అంది.

సైదమ్మ వేసింది. ఆ పూట బుట్టలో కాయ మిగల్లేదు.

పానకాలు మొహం విప్పారింది. "ఆవిడ ఇప్పటికీ అక్కడే కూర్చుంటోందా, గురువుగారూ?"

"నువ్వు ఆ వీధికి వెళ్లి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు దాటిందండీ."

గురువుగారు నవ్వారు. "అందుకే నన్నడుగుతున్నావు."