సర్దారు వెండి జీను

“నీ అవిటిపిల్ల ఎక్కబట్టే, ఆ అవిటితనం అంటుకుని నా గుర్రం కుంటుతోంది,” అన్నాడు సర్దారు.

“కాదు దొరా, మీ వెండి జీనులో ఏదో గుచ్చుకుంటోంది,” అంది రాజుగారి లాయంలో గుర్రాలు కడిగే పోలమ్మ.

మూడు నెలలుగా ఇదే తగువు. ఆ జీను ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వడు. నడవలేని పోలమ్మ కూతురు రోజూ ఆ గుర్రం వట్టి వీపు మీద కూర్చునే నడుం నిలబెట్టుకుంది. చివరికి తల్లీకూతుళ్ళని వెళ్ళగొట్టమని సర్దారు రాజుని అడిగాడు.

పోలమ్మ రాజుకి దణ్ణం పెట్టింది. “అవిటితనం అంటుకుందంటున్నారు, సరే. సర్దారుగారి కాళ్ళు బాగున్నాయిగా. ఆ జీను వేసి ఒక్కసారి ఎక్కమనండి, ఆ బాగూ అంటుకుంటుంది.”

రాజు ఎక్కమన్నాడు. సర్దారు కూర్చోగానే గుర్రం మూలిగి కూలబడింది. జీను విప్పితే, అడుగున వెండి మేకు మొన తేలి ఉంది. దానికి నెత్తురూ చీమూ.

పిల్ల స్వారీ ఆపొద్దన్నాడు రాజు. ఆ గుర్రం మాత్రం బతకలేదు. రాజు ఆజ్ఞ మీద సర్దారు నూటపద్దెనిమిది వరహాలు పెట్టి, పిల్ల ఎక్కడానికి ఇంకో గుర్రం కొన్నాడు.