ప్లాస్టర్ అంటించిన మైక్రోస్కోపు

వామనమూర్తి మేష్టారు ల్యాబ్ నుంచి వెళ్ళేముందు తన మైక్రోస్కోపును పాడుచేసి మరీ వెళ్ళేవారు. కళ్ళు పెట్టి చూసే రెండు గొట్టాల మధ్య దూరం మార్చేసి, ఎడమ గొట్టం మీద చూపు సరిచేసే రింగును ఎటో ఒకవైపు తిప్పేసేవారు. మర్నాడు ఎవరు కూర్చున్నా తమ కళ్ళకు సరిపడేలా మొదట్నుంచీ కుదుర్చుకోవాల్సిందే. టెక్నీషియన్ కోర్సు చదివే మేం పన్నెండుమందిమీ ఆయన్ని లోలోపల తిట్టుకునేవాళ్ళం. అందరికంటే నేనే ఎక్కువ.

ఒకరోజు మాలో హైమావతి అడిగేసింది. "మేష్టారూ, మీకంటే బాగా మేం కుదర్చగలమా? మీరు చూసినట్టే చూస్తే మాకు మేలు కదండీ?"

మేష్టారు వాదించలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, తన మొదటి ఉద్యోగం సంగతి చెప్పారు.

అక్కడి పెద్ద టెక్నీషియనే ఆయనకు గురువు. ఆ గురువుగారు తన కళ్ళకు కుదుర్చుకున్న గొట్టాలు కదలకుండా తెల్ల ప్లాస్టర్ అంటించి ఉంచేవారట. దసరాకు ఆ మైక్రోస్కోపుకు బొట్టు పెట్టి దండం పెట్టడమే తప్ప, ప్లాస్టర్ మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. గురువుగారిది వెడల్పు ముఖం, మేష్టారిది సన్నం. గురువుగారికి ఒక్కటిగా కనబడే వెలుగు వలయం ఈయనకు రెండుగా, అలుక్కుపోయినట్టు కనబడేది. తల పగిలిపోయేది. అయినా నోరు విప్పలేదు. భయానికి భక్తి అని పేరు పెట్టుకోవడం మనకు అలవాటే కదా.

ఒకనాడు ఆదెమ్మ అనే నేతపని మనిషి దగ్గి ఉమ్మిన కళ్ళె స్లైడు వచ్చింది. క్షయ ఉందో లేదో ఇద్దరు చూసి, ఇద్దరూ సంతకం పెట్టాలని నియమం. గురువుగారి కళ్ళకు అప్పటికే పొర కమ్ముతోంది, ఆ సంగతి ఆయనకే తెలియదు. చూసి "ఏం లేదు" అన్నారు. మేష్టారు వంగి చూశారు. మసక తప్ప ఏమీ కనబడలేదు. "ఏం లేదండి" అని సంతకం పెట్టేశారు.

మూడు నెలల తర్వాత గురువుగారు సెలవులో ఉండగా, మేష్టారు ఆ ప్లాస్టర్ ఊడదీశారు. గొట్టాలు దగ్గరికి జరిపి, రెండు వలయాలూ ఒకటయ్యాక రింగు తిప్పి, దాచి ఉంచిన పాత స్లైడులు చూశారు. ఆదెమ్మ స్లైడులో నీలం మీద ఎర్రటి సన్నని పుల్లలు. అన్నీ క్షయ క్రిములే. ప్లాస్టర్ ఎప్పటిలా అంటించేసి ఆమె ఇంటికి పరిగెత్తారు. ఆమె పోయి అప్పటికి పదకొండు రోజులు. మొగుడు ఈయన్ని మగ్గం పక్కన కూర్చోబెట్టి, "తమరిద్దరూ సంతకాలు పెట్టారు గదా బాబూ, ఆ కాయితం చూసుకుని ఎంత మురిసిపోయిందో!" అన్నాడట.

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చివరికి హైమావతే అడిగింది. "మీ గురువుగారికి చెప్పారా, మేష్టారూ?"

"లేదమ్మా. నా అంత వినయం గల శిష్యుడు దొరకడని ఆయన రిటైరయ్యేటప్పుడు రాసిచ్చారు. అది చూసే ఇక్కడ మీకు పాఠాలు చెప్పే ఉద్యోగం నాకిచ్చారు."