గవరయ్య అరుగెక్కిన పైపు

"గొడుగు పట్టింది నేను!"

"కొన్నది నేను!"

"పట్టకపోతే కొని ఏం లాభం?"

"కొనకపోతే ఏం పట్టేవాడివి, నీ తలకాయా?"

అప్పలకొండకీ వాడి తమ్ముడు నూకరాజుకీ ఈ తగువు పదకొండేళ్ళది. పిండి రుబ్బే గ్రైండరు కొన్నప్పుడు కొట్టువాడు, "ఎండా వానా తగలకుండా చూసుకోండి" అన్నాడు. అంతే. గ్రైండరు ఉండేది ఇంట్లో, కప్పు కిందే. అయినా దాని మీద గొడుగు పట్టారు. ఇప్పటికీ తాళ్ళతో కట్టి పట్టే ఉంచారు. ఆ తెలివి ఎవరిదన్నదే తగువు.

వాళ్ళక్క వరహాలమ్మ పిండి కలుపుతూ అంది. "ఇద్దరిదీ కాదు. పట్టమని చెప్పింది నేను. ఈ ఇంటికి తెలివి నా వైపు నుంచే వచ్చింది."

ముగ్గురూ ఒకే తల్లి కడుపున పుట్టిన సంగతి ఆవిడకి అప్పుడు గుర్తు రాలేదు.

వరహాలమ్మది సందులో ఇడ్లీ హోటలు. ఎదురుగా గవరయ్య హోటలు. మొన్న ఐసు ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి, "ఆదివారం పొద్దున్న ఏడింటికి మా వ్యాను వస్తుంది. ఎనిమిది వందల ఇడ్లీలు, పొగలు కక్కుతూ ఉండాలి. మధ్యలో బ్రోకర్లు మాకొద్దు. ఎవరు చేతికిస్తే వాళ్ళకే డబ్బు. నచ్చితే ఇక రోజూ వాళ్ళ దగ్గరే" అని చెప్పి వెళ్ళాడు. ఆ ఆర్డరు నిలబడితే హోటలు నిలబడుతుంది. లేకపోతే గది ఖాళీ చేసి వెళ్ళాల్సిందే.

సరిగ్గా శనివారం పొద్దున్న, ఈ గొడుగు తగువు మధ్యలో, బాయిలరు నుంచి ఇడ్లీ పెట్టెకి ఆవిరి తీసుకెళ్ళే పైపు నిలువునా చీలి బుస్సుమంది.

సత్తారు మిస్త్రీ వచ్చి చూశాడు. "ఇదెవరమ్మా వేసింది? ఇది అతుకు పైపు. ఇనపరేకుని గుండ్రంగా చుట్టి అంచుకి అంచు అతికిస్తారు. నీళ్ళకీ పందిరి గుంజకీ బాగుంటుంది. ఆవిరి తోసిందంటే ఆ అతుకు దగ్గరే చీలుద్ది. ఆవిరికి సీమ్‌లెస్ వెయ్యాలి, అతుకు లేనిది. ఖరీదెక్కువే, అయినా అదే తెండి. సాయంత్రం వచ్చి బిగిస్తా. ఒక్కటి గుర్తుంచుకోండి, అతుకన్నది ఉండకూడదు. పనిలో పని, మీ పందిరి గుంజ పుచ్చిపోయింది, దానికో అతుకు పైపు తెచ్చుకోండి, చౌక."

వరహాలమ్మ రెండు సార్లు పైకే వల్లించుకుంది. "ఆవిరికి అతుకు ఉండకూడదు. అతుకు పైపు నీళ్ళకీ గుంజకీ. ఓస్, ఇంతేనా!"

ముగ్గురూ పైపుల కొట్టుకి వెళ్ళారు. కొట్టు సేటు అతుకు పైపు చూపించాడు, లోపల వేలు పెట్టి తడిమితే గీతలాగా తగిలింది. సీమ్‌లెస్ చూపించాడు, నున్నగా ఉంది.

"ఈ చివర లేదు, ఆ చివర లేదు. మధ్యలో ఉంటేనో?" అంది వరహాలమ్మ. ఆవిణ్ణి మోసం చెయ్యడం అంత తేలిక కాదు.

అప్పలకొండ ఈ చివర కన్ను పెట్టాడు. ఆవిడ ఆ చివర కన్ను పెట్టింది.

"ఏం కనపడుతోందిరా?"

"నీ కన్నక్కా."

"నాకూ నీ కన్నే. మధ్యలో ఇంకేం లేదు. ఇచ్చెయ్ సేటూ."

"ఎంత పొడుగు కావాలమ్మా?"

"పన్నెండు అడుగులు."

"ఇది ఇరవై అడుగుల పైపు. పన్నెండుకి కోసిస్తా."

"కోస్తావా!" వరహాలమ్మ పైపుకి అడ్డం నిలబడింది. "కోస్తే రెండు ముక్కలు. ముక్కలయ్యాక అతకాలి. అతుకు వద్దని మిస్త్రీ మరీమరీ చెప్పాడు."

"అతకడమెందుకమ్మా, మిగిలిన ముక్క నా దగ్గరే ఉంటుందిగా?"

"అదిగో! సగం నీ దగ్గరుంటే మాకు మొత్తం పైపు ఎలా అవుతుంది? చదువుకోలేదు గాని లెక్క తెలీదనుకున్నావా?"

సేటు రంపం పక్కన పెట్టేశాడు. ఇరవై అడుగులూ అమ్ముడైతే ఆయనకేం బాధ! పందిరి గుంజకి ఒక అతుకు పైపు కూడా ఇచ్చి, "జాగర్త, దార్లో వంగనివ్వకండి" అన్నాడు.

ఇంకేముంది. బజారు మలుపు దగ్గర ముగ్గురూ ఆగిపోయారు. మలుపు తిరిగితే వంగినట్టే కదా! ఎదురుగా బట్టల కొట్టు. ముందు గుమ్మంలో దూరి, చీరలు చూసుకుంటున్న వాళ్ళ మధ్య నుంచి నడిచి, వెనక గుమ్మంలో తేలారు. కొట్టు ఓనరు తిడుతుంటే వరహాలమ్మ వెనక్కి తిరిగి, "మేమేం కొనం బాబూ, మాకు అతుకు లేనివే కావాలి" అంది.

ఇంటికొచ్చాక కొలిచారు. బాయిలరు నుంచి ఇడ్లీ పెట్టెకి పన్నెండు అడుగులు, అందులోనూ మధ్యలో ఒక మూల తిరగాలి. పైపు చూస్తే ఇరవై అడుగులు, తిన్నగా ఉంది.

"పైపు మూల తిరగదు. పెట్టె తిరుగుద్ది" అన్నాడు నూకరాజు.

"శభాష్!" అంది వరహాలమ్మ.

బాయిలరు నుంచి తిన్నగా పైపు పట్టారు. గది ఎనిమిది అడుగులు, గోడ అడ్డమొచ్చింది. గునపం తెచ్చి గోడకి పెద్ద కన్నం కొట్టారు. బయట పందిరి నాలుగు అడుగులు, సందు ఆరు. ఆ పైన రెండు అడుగులు గవరయ్య అరుగు మీదికి పోయింది.

గవరయ్య బయటికొచ్చి చూశాడు. పైపు చూశాడు, కన్నం చూశాడు, పెట్టె మోసుకొస్తున్న ముగ్గుర్నీ చూశాడు. అంతా అర్థమయ్యాక, "దానికేముంది వరహాలక్కా, ఎదురెదురు వాళ్ళం! మా అరుగు మీదే పెట్టుకో" అన్నాడు.

"పాపం, వీణ్ణి ఇన్నాళ్ళూ దుర్మార్గుడనుకున్నాం" అంది వరహాలమ్మ తమ్ముళ్ళతో.

సాయంత్రం సత్తారు వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "అమ్మా, పైపు కోసి, మూల దగ్గర ఎల్బో, అదే వంపు ముక్క, బిగిస్తే ఐపోయేది!"

"ఎల్బో పెడితే అటో ముక్క, ఇటో ముక్క. అతుకు వద్దన్నది నువ్వే. పొద్దున్నో మాటా సాయంత్రమో మాటానా, మిస్త్రీ?"

సత్తారు ఆవిడ మొహం చూశాడు, గోడ చూశాడు. రెండు చివర్లూ బిగించి వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లారేసరికి పని మొదలైంది. అప్పలకొండ చొక్కా విప్పేసి పంచె కట్టుకుని బాయిలరు దగ్గర కూర్చున్నాడు. చొక్కాకి అతుకులుంటాయి, ఆవిరికి ఆగవు. వరహాలమ్మ ప్లేట్లలో పిండి పోసి సందు దాటించింది. గవరయ్య, "నువ్వు అటూ ఇటూ ఎక్కడ తిరుగుతావక్కా, ఉడికినవి నేను తీస్తాలే" అని ఒక్కో వాయీ తీసి గంపల్లో పేర్చాడు. సందులో పోయేవాళ్ళు పైపు కింద నుంచి దూరి పోతున్నారు. ఒక సైకిలాయన గొణిగితే, "నువ్వే వంగు నాయనా, పైపు వంగదు" అంది వరహాలమ్మ.

ఆరున్నరకి చివరి వాయికి పిండి పోసి వెనక్కి వచ్చేసరికి, పందిరి దగ్గర నూకరాజు స్టూలెక్కి కొత్త గుంజ పైపులోకి బిందెతో నీళ్ళు పోస్తున్నాడు.

"అదేట్రా?"

"మిస్త్రీ ఏమన్నాడు? అతుకు పైపు నీళ్ళకీ గుంజకీ అన్నాడు. గుంజకి పెట్టాం. నీళ్ళ సంగతి మర్చిపోయాం."

"అయ్యో, నిజమేరా! నిండిందా?"

"పదమూడు బిందెలు పోశానక్కా, నిండట్లేదు."

"నిండేదాకా పొయ్యి" అని చెప్పి ఆవిడ చట్నీ చూసుకోవడానికి లోపలికెళ్ళింది.

పదిహేడో బిందెకి గుంజ కింద గుంట బురదైంది. గుంజ కాస్త ఒరిగింది. ఇంకాస్త ఒరిగింది. అంతే! పందిరి, తాటాకులు, హోటలు బోర్డు, బిందె, నూకరాజు, అన్నీ కలిసి గుమ్మానికి అడ్డంగా పడ్డాయి. అతుకు లేని పైపు మాత్రం చెక్కు చెదరలేదు. అది చూసి వరహాలమ్మకి కడుపు నిండింది.

సరిగ్గా ఏడింటికి వ్యాను వచ్చింది. సందులో పైపు అడ్డం, ముందుకి పోలేదు. మేనేజరు దిగాడు. ఇటు చూస్తే తాటాకుల కుప్ప. అటు చూస్తే అరుగు మీద గంపల నిండా పొగలు కక్కుతున్న ఇడ్లీలు.

"ఇడ్లీలేనా బాబూ?" అన్నాడు గవరయ్య. "ఎనిమిది వందలు, లెక్క చూసుకోండి." ఒక్కో గంపా ఎత్తి చేతికిచ్చాడు.

మేనేజరు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. "భలే ఉడికింది! ఇక రోజూ ఇక్కడికే వస్తాం" అని నోట్ల కట్ట తీశాడు.

నూకరాజు తాటాకుల కింద నుంచి పాక్కుంటూ లోపలికొచ్చేశాడు. గోడ కన్నంలోంచి మూడు తలకాయలు ఇదంతా చూస్తున్నాయి.

"అక్కా, అవి మన ఇడ్లీలే! కేకెయ్!" అన్నాడు అప్పలకొండ.

"నోర్ముయ్" అంది వరహాలమ్మ. "మేనేజరు నీ ముందే కదా చెప్పాడు? ఎవరు చేతికిస్తే వాళ్ళకే డబ్బు అన్నాడు. చేతికిచ్చింది మనమా?"

"కాదు."

"మరి? మాటంటే మాటే. పరాయి డబ్బుకి ఆశపడే వంశం కాదు మనది."

వ్యాను వెనక్కి పోయింది. తాటాకులు తప్పించుకుని ముగ్గురూ బయటపడేసరికి ఆకలి దంచేస్తోంది. ఇంట్లో పిండి చుక్క లేదు. గవరయ్య దగ్గర ఇంకా పాతిక ఇడ్లీలు మిగిలాయి. వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారు.

"అబ్బ, దూదిలా ఉందిరా!" అంది వరహాలమ్మ మొదటి ముద్దకే. "గవరయ్యా, ఇంత మెత్తగా ఎలా వచ్చింది? ఆవిరికి ఏం పైపు వాడతావేటి?"

"అతుకు లేనిదే అక్కా" అన్నాడు గవరయ్య, పైపుకేసి చూస్తూ.

"చూశారట్రా! తెలివైనవాళ్ళంతా అదే వాడతారు."

"పైపు మోసింది నేను!" అన్నాడు అప్పలకొండ.

"పెట్టె తిప్పమన్నది నేను!" అన్నాడు నూకరాజు.

వాళ్ళని తగువులో వదిలేసి వరహాలమ్మ కొంగు ముడి విప్పింది. ప్లేటు నలభై, మూడు ప్లేట్లు నూట ఇరవై అన్నాడు గవరయ్య. "మరి నీ అరుగు వాడుకున్నాం కదా! ఊరికే వాడుకోడానికి మేమేం తెలివితక్కువ వాళ్ళమా?" అని ఆవిడ ఇంకో యాభై కలిపింది. గవరయ్య వద్దు వద్దంటూనే చెయ్యి చాపాడు. ఒక్కో నోటూ రెండు సార్లు లెక్కపెట్టి, ఆ చేతిలో పెట్టింది: నూట డెబ్బై రూపాయలు.